గేరు వేస్తే ఆగిపోయే మోటారు

డిసెంబరు 10, మంగళవారం

మోటారు మళ్ళీ వచ్చింది.

పోయిన గురువారం బాగుచేసి పంపిన మోటారు ఇది. వారం కూడా నిలవలేదు. వీరభద్రం దాన్ని ట్రాలీ ఆటోలో వేసి పంపించి, ఫోను చేసి, నిన్నగాక మొన్న పానా పట్టుకున్నవాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. "దాసు మిస్త్రీ, నీకు పడవ మోటరు రాకుంటె రాదని జెప్పు. నేను ఇంకో తాన సూపిచ్చుకుంట" అన్నాడు. నాతో! మేడ్చల్‌లో ముప్ఫై నాలుగేళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను. బోరు మోటార్లు, డీజిల్ పంపులు, మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు. ప్రభుదాసు చేతిలోంచి పోయిన యంత్రం తిరిగొచ్చిందని ఈ ఊళ్ళో ఒక్కణ్ణి అనమనండి చూద్దాం. ఇంట్లో అరుద్దామంటే మనిషి లేదు. గంగమ్మ పోయి రెండేళ్ళు కావస్తోంది. అందుకని ఈ డైరీలో అరుస్తున్నాను.

మోటారు వెంట ఓదెలు వచ్చాడు. శామీర్‌పేట చెరువులో చేపల కాంట్రాక్టు వీరభద్రానిది, ఆయన పడవ నడిపేది ఓదెలు. మంగళ, శుక్రవారాలు తెల్లవారుతూనే వలలు ఎత్తడానికి పోతారు. రోగం ఏమిటంటే, న్యూట్రల్‌లో చక్కగా కొట్టుకుంటుంది, గేరు వేయగానే నీళ్ళలో ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. మళ్ళీ తాడు చుట్టి లాగాలి. మళ్ళీ గేరు. మళ్ళీ చావు.

"పొద్దుగాల సలికే గిట్ల జేస్తాంది దాసన్నా. ఎండ మీదికొస్తె మంచిగనే నడుస్తది" అన్నాడు ఓదెలు.

"మోటరుకు సలి వెడ్తదా? స్వెట్టరు తొడుగు మరి!" అన్నాను.

నవ్వాడు. ఆ మనిషి దేనికైనా నవ్వుతాడు. అది కూడా నాకు నచ్చదు.

మొత్తం విప్పాను. ట్యాంకు మూత మీద గాలి ఆడే మర తెరిచే ఉంది. పెట్రోలు గొట్టం ఎక్కడా నొక్కుకోలేదు. ప్లగ్గులు రెండూ నిప్పురవ్వలు వేస్తున్నాయి. ఫ్యాను వెనక వల దారం చుట్టుకుందేమో అని ఫ్యాను కూడా పీకి చూశాను, లేదు. కార్బురేటర్ విప్పి, పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, పెట్రోలు పోయే, వెంట్రుక మందం రంధ్రం ఉండే చిన్న జెట్టులోంచి వెలుతురు కనబడేదాకా ఊదాను. షెడ్డులో నీళ్ళ డ్రమ్ముకు బిగించి గేరులో నడిపాను. నడిచింది. నడవక ఏం చేస్తుంది?

చివరికి ఎప్పటిలాగే గంగమ్మ నూనె వేశాను. ప్రతి కొత్త సంవత్సరం ఆరాధనకు ఆమె ఒక గాజు సీసాలో కొబ్బరి నూనె పట్టుకుపోయి పాస్టరు గారితో ప్రార్థన చేయించేది. బాగుపడిన ప్రతి యంత్రం మీదా ఒక చుక్క అద్ది, "ప్రభువా, ఈ మిషను మీద బతికేటోళ్ళ కూడు పోనియ్యకు" అనేది. ఆమె తెచ్చిన ఆఖరి సీసా ఇంకా సగముంది. అన్నిటికీ బోల్టు మీదో మూత మీదో అద్దుతాను. ఇది నీళ్ళలో నడిచే మోటారు, పైన వేస్తే కడుక్కుపోతుంది. అందుకని పోయిన వారం లాగే, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే కప్పు ఖాళీ చేసి, తుడిచి, లోపల మూడు చుక్కలు వేసి మర బిగించాను. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ.

ఓదెలు పక్కనే నిలబడి చూస్తున్నాడు. చూడనీ. పని అంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

డిసెంబరు 11

నిన్న డ్రమ్ములో నలభై నిమిషాలు నడిపాను. గేరులో. ఒక్కసారి ఆగలేదు. ఇక్కడ రాసి పెడుతున్నాను.

డిసెంబరు 13, శుక్రవారం

పొద్దున ఆరున్నరకే ఫోను. మోటారు చెరువు నడుమ ఆగిందట, తెడ్డేసుకుంటూ ఒడ్డుకు వచ్చారట. చేతిలో ఉన్న పంపు ముగించుకొని మోపెడు మీద శామీర్‌పేట చేరేసరికి పది దాటింది. కట్ట మీద మంచి ఎండ. పడవలో కూర్చుని తాడు ఒక్కసారి లాగాను. అందుకుంది. గేరు వేశాను. పడవ కదిలింది. అటు గట్టు దాకా పోయి తిరిగొచ్చాను.

వీరభద్రం నన్ను చూడలేదు, ఓదెలును చూశాడు. "మిస్త్రీ కూసుంటె నడుస్తది, నువ్వు కూసుంటె ఆగుతదారా?"

"సలి బోయింది గద సారూ" అన్నాడు ఓదెలు.

కట్ట మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను. ఎందుకు నవ్వకూడదు? నా పనిలో తప్పు లేదని పది మంది ముందు తేలింది. నడపడం చేతకానివాడు చలి మీద పెడుతున్నాడు. ఓదెలు భార్య దుర్గాబాయి అక్కడే చేపల తట్ట ముందు కూర్చుని ఉంది. ఆమె మాత్రం నవ్వలేదు.

అయినా నా పనిలో లోటు చేయను. అక్కడే మళ్ళీ కార్బురేటర్ విప్పి కడిగాను. ఇది మొండి మోటారు, మూడు చుక్కలకు లొంగేలా లేదు. ఈసారి సీసా మూతతో ఒక మూత నూనె కప్పులో పోశాను.

డిసెంబరు 15, ఆదివారం

పాస్టరు శాంసన్ గారు కోపం గురించి ప్రసంగించారు. ముప్పావుగంట. మధ్యలో నా వైపు రెండుసార్లు చూశారు. నా కోపం న్యాయమైన కోపం. దానికి వేరే ప్రసంగం ఉండాలి.

డిసెంబరు 17, మంగళవారం

మళ్ళీ ఆగింది. అరగంట లాగితే గానీ నడవలేదట. ఈలోగా చేపలకు వచ్చిన బండ్లలో ఒకటి వెళ్ళిపోయిందట. వీరభద్రం ఫోనులో అరిచాడు, నేనూ అరిచాను. చివరికి ఆయన అన్న మాట ఇది: "శుక్రారం పొద్దుగాల ఆరింటికి నువ్వే ఆడుండు. నీ కండ్ల ముంగట ఆగితె నువ్వన్న పోవాలె, లేకుంటె ఓదెలన్న పోవాలె. ఇద్దర్ల ఒక్కడు."

నేను ఎందుకు పోతాను?

డిసెంబరు 20, శుక్రవారం

పట్టాను.

ఆరింటికి కట్ట మీద ఉన్నాను. మఫ్లరు చుట్టుకున్నా చెవులు నొప్పి పుట్టాయి, అంత చలి. నీళ్ళ మీద మంచు. చేపలు కొనేవాళ్ళు, మోసేవాళ్ళు కలిసి ఇరవై మంది ఉన్నారు. ఓదెలు తాడు చుట్టి లాగాడు. న్యూట్రల్‌లో బాగానే కొట్టుకుంది. గేరు వేశాడు. ఆగింది. నా కళ్ళ ముందే మూడుసార్లు ఆగింది.

అక్కడే ఒడ్డున కార్బురేటర్ కప్పు విప్పాను. అడుగున తెల్లటి జిడ్డు. డాల్డాలాగా గట్టిగా పేరుకొని ఉంది. చిన్న జెట్టు మొత్తం దానితోనే మూసుకుపోయింది. పెట్రోలు కొంచెమే అందుతోంది, వట్టిగా తిరగడానికి అది చాలుతుంది, ఫ్యాను బరువు పడగానే చాలదు. రోగం దొరికింది. నేను జిడ్డును వేలితో తీసి అందరికీ చూపించాను.

"ఇదేంది మిస్త్రీ?" అన్నాడు వీరభద్రం.

ఈ పాత మోటార్లకు పెట్రోలులో ఇంజన్ ఆయిలు కలిపి పోయాలి. ఆ ఆయిలు డబ్బా ఉండేది ఓదెలు దగ్గర. నాకు క్షణంలో అర్థమైపోయింది.

"పామాయిలు. ఇంజన్ ఆయిలు అమ్ముకొని దాని బదలు వంట నూనె కలుపుతాండు మీ ఓదెలు. సలికి అది గడ్డ గడ్తాంది. సలి, సలి అని ఊకె ఎందుకంటాండో ఇప్పుడు సమజైందా?" అన్నాను.

ఇరవై మందీ ఓదెలు వైపు తిరిగారు. అతను నన్ను చూశాడు, నా వేలి మీది జిడ్డును చూశాడు, నోరు తెరిచాడు. మూసుకున్నాడు.

"తాడు ఆడ వెట్టి పోరా" అన్నాడు వీరభద్రం.

కర్ర పిడి ఉన్న ఆ తాడును ఓదెలు చుట్ట చుట్టి పడవ అంచు మీద పెట్టి వెళ్ళిపోయాడు. దుర్గాబాయి అరిచింది, ఎవరూ వినలేదు. జిడ్డును నేను ఖాళీ జండూ బామ్ డబ్బాలోకి ఎత్తి పెట్టుకున్నాను. రేపు ఎవరైనా కాదంటే సాక్ష్యం ఉండాలి. కార్బురేటర్ మళ్ళీ కడిగి, దొంగతనం అంటిన మోటారు కదా అని ఈసారి రెండు మూతలు పోశాను.

డిసెంబరు 21

ఓదెలు ఒక్క మాట అనలేదు. దొంగ కానివాడు అరుస్తాడు. నేనైతే అరిచేవాణ్ణి.

డిసెంబరు 22, ఆదివారం

సంగతి మేడ్చల్ దాకా వచ్చేసింది. చర్చి బయట ఇద్దరు నన్ను ఆపి, దొంగను భలే పట్టావన్నారు. కాదనలేదు. ఓదెలు ఒక్క మాట కూడా అనలేదు కదా.

డిసెంబరు 24, మంగళవారం

పడవకు ధర్మేందర్ అనే అతన్ని పెట్టారు. పొద్దున మోటారు గేరులో ఆగింది.

"ఇప్పుడెవడు దొంగ మిస్త్రీ?" అని అడిగాడు వీరభద్రం. గొంతులో ఆ వెటకారం! ట్యాంకులో పాత కల్తీ పెట్రోలు మిగిలి ఉంటుందని చెప్పాను. ట్యాంకు శుక్రవారమే కడిగారట. అయితే గొట్టంలో మిగిలి ఉంటుందన్నాను. ఫోను పెట్టేశాడు. ఎంత గొట్టం ఉంటుంది, బారెడు. దాంట్లో ఎంత పడుతుంది? అయినా మిగిలి ఉంటుంది. ఎందుకు ఉండకూడదు?

డిసెంబరు 25

క్రిస్మస్. యాప్రాల్‌లో మా అమ్మాయి జాస్మిన్ ఇంట్లో ఉన్నాను. చలి ఎక్కువ.

డిసెంబరు 26

నిన్న రాయనిది ఇవాళ రాస్తున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నిన్న పొద్దున చర్చికి తయారవుతుంటే, తలకు నూనె ఇమ్మని అడిగాను. జాస్మిన్ వంటింట్లోంచి, "గడ్డ కట్టింది నాయినా, సీసాను జెర వేడి నీళ్ళల్ల వెట్టు" అంది. ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి ప్రతి చలికాలం వింటున్నాను. అవ్వ పొయ్యి గట్టు మీద పెట్టేది, గంగమ్మ ఎండలో పెట్టేది. ఓపిక లేక సీసాలోకి వేలు పెట్టి తీసుకున్నాను. నా వేలి మీద తెల్లటి జిడ్డు. అలాగే వేలు చూసుకుంటూ నిలబడ్డాను. ఏమైందని జాస్మిన్ రెండుసార్లు అడిగింది.

కొబ్బరి నూనె ఒక్కటేనా గడ్డ కట్టేది? పామాయిలు కూడా కడుతుంది. ఎవరినైనా అడగండి. నేను వేసింది ఎంత, మూడు చుక్కలు.

మూడు చుక్కలు, ఒక మూత, రెండు మూతలు.

ప్రార్థన చేసిన నూనె అది. దానివల్ల చెడు జరగదు.

డిసెంబరు 27, శుక్రవారం

దుర్గాబాయి షెడ్డుకు వచ్చింది. శామీర్‌పేట నుంచి బస్సులో, ఖాళీ తట్టతో. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఇంటాయన సూరారంల పైపుల కంపెనీల మూటలు మోస్తాండు దాసన్నా" అంది. "పదిహేనేండ్ల సంది పడవ మీద ఉన్న మనిషి. ఇప్పుడు లారీలకు పైపులు ఎత్తుతాండు. గది వోనీ. కట్ట మీద నేను చేపలు వెడితె, తూకం సక్కగున్నదా అని అడుగుతాండ్రు. ఎన్నడన్న అడిగిండ్రా నన్ను? ఒక్క మాటతోని మా ఇంటిల్లిపాదిని దొంగలను జేసినవు. నీ కండ్లతోని సూసినవా, ఆయిన నూనె కలుపంగ?"

"జిడ్డు సూసిన" అన్నాను.

"జిడ్డు సూసినవు. మనిషిని సూడలే."

నాకు పట్టరాని కోపం వచ్చింది. నా షెడ్డులోకి వచ్చి నన్ను నిలదీస్తుందా అనిపించింది. పని ఉంది పొమ్మన్నాను. పోయింది. గేటు దగ్గర ఆగి, "గంగమ్మక్క ఉంటె నిన్ను గిట్ల మాట్లాడనియ్యకపోతుండె" అని పోయింది.

ఆ మాట అనాల్సిన అవసరం ఏముంది? అది న్యాయమేనా?

డిసెంబరు 28, శనివారం

జండూ డబ్బా తీశాను. ఓదెలు మీద సాక్ష్యంగా దాచిన డబ్బా. చిన్న స్టవ్వు మీద గరిటె పెట్టి, అందులో ఆ జిడ్డు కొంచెం వేసి కరిగించాను.

పెట్రోలు వాసన ముందు పోయింది. తర్వాత వచ్చింది రెండో వాసన. ఆ వాసనను నేను ఎక్కడైనా పోల్చగలను. గంగమ్మ ముప్ఫై ఏళ్ళు ఆ వాసనతోనే నా పక్కన ఉంది.

ఇదీ జరిగింది. నేను ప్రతిసారీ జెట్టు కడిగాను, ప్రతిసారీ కప్పు ఖాళీ చేశాను, ప్రతిసారీ అందులో నా చేత్తో నూనె పోశాను. చలికి అది గడ్డకట్టి జెట్టును మూసేసింది. ఎండెక్కితే కరిగిపోయింది. నా షెడ్డులో మధ్యాహ్నం, డ్రమ్ములో, అది ఎప్పటికీ ఆగదు. "పొద్దుగాల సలికే" అని ఓదెలు మొదటి రోజే చెప్పాడు. స్వెట్టరు తొడగమన్నాను.

మొదట పాస్టరు గారి మీద కోపం వచ్చింది, ఆలివ్ నూనె కాకుండా కొబ్బరి నూనెకు ఎందుకు ప్రార్థన చేశారని. తర్వాత, దేవుడు నన్ను క్షమించాలి, గంగమ్మ మీద కూడా వచ్చింది. ఈ అలవాటు ఆమెదే కదా అని. కానీ గంగమ్మ ఎప్పుడూ పైన అద్దేది. ఒక్క చుక్క. లోపల పోసింది నేను. మూతలకు మూతలు పోసింది నేను. సీసాలో అడుగున అంగుళం మిగిలింది.

డిసెంబరు 29, ఆదివారం

చర్చికి పోలేదు. సూరారం పోయాను.

కంపెనీ గేటు ఎదురుగా చాయ్ డబ్బా దగ్గర దొరికాడు ఓదెలు. భుజం మీద చొక్కా చిరిగి ఉంది, కింద చర్మం ఎర్రగా కమిలింది. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. చాయ్ చెప్పాడు. నేను తాగలేదు.

"ఆ జిడ్డు నాది ఓదెలూ" అన్నాను.

"ఎరుకే" అన్నాడు.

"ఏం ఎరుక?"

"కొబ్బరి నూనె గద. పొగల గూడ వాసనొచ్చేది. నువ్వు పోసుడు నేను సూసిన."

అరిచాను, చాయ్ తాగేవాళ్ళంతా తిరిగి చూశారు. "మరి నోరెందుకు తెరవలే? ఇరవై మంది ముంగట నిన్ను దొంగ అంటె, నూనె పోసినోడు వీడే అని ఎందుకు అనలే?"

"ఏమనాలె దాసన్నా? మీ దేవుని నూనెతోని మోటరు ఖరాబైందని నేనంటె, గా మాట ఆడ ఆగుతదా? కట్ట కాడ ఒకడు ఎత్తుకుంటడు, చర్చి కాడ ఇంకొకడు ఎత్తుకుంటడు. నూనె పక్కకు వోతది, లొల్లి మిగుల్తది" అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. "ఇంగ ఇంకోటి. నువ్వు యేసేటప్పుడు గంగమ్మ వదినను దల్సుకుంటవు. పెదిమెలు ఆడుతయి. గది బంజెయ్యిమని నీకు ఎట్ల జెప్పాలె? దుర్గకు గూడ జెప్పలే నేను."

ఒళ్ళు మండిపోయింది. ఇతను ఎవరు నా కోసం మూటలు మోయడానికి? నేను అడిగానా? నా దుఃఖాన్ని కాపాడమని నేను ఎవరికైనా చెప్పానా? అదే అడిగాను. అతను భుజం తడుముకున్నాడు.

శుక్రవారం పొద్దున కట్టకు రమ్మన్నాను. ఎవరి ముందు ఆ మాట అన్నానో వాళ్ళ ముందే వెనక్కి తీసుకుంటానన్నాను.

"నేను రాను. దొంగ అనిపిచ్చుకున్న తాన మల్ల నిలవడాలంటె సిగ్గు" అన్నాడు.

"సిగ్గు నాది. నీకెందుకు?" అన్నాను. అతను చాయ్ డబ్బులు తనే ఇస్తానని చాయ్ డబ్బావాడికి చెప్పి గేటు లోపలికి వెళ్ళిపోయాడు.

డిసెంబరు 30

వీరభద్రానికి ఫోను చేసి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నిదానంగా అన్నాడు: "అయిందేదో అయింది మిస్త్రీ. కప్పు కడిగి ఇయ్యి, నూనె పొయ్యకు. ఎవ్వలకూ జెప్పకు. నీ పేరు నిలవడ్తది, ధర్మేందర్ నడుపుతాండు, పని అయితాంది."

"ఓదెలు?"

"వాడు సూరారంల సెట్టయిండు గద."

సెట్టయ్యాడట! ఫోను విసిరికొట్టాలనిపించింది. విసిరికొట్టలేదు. నిజం రాయాలంటే, ఒక గంట సేపు ఆ మాట నాకు తీపిగానే ఉంది. ఎవరికీ చెప్పక్కర్లేదు. షెడ్డు మీద బోర్డు అలాగే ఉంటుంది. ఓదెలు ఎలాగూ నోరు తెరవడు. ఈ ఊళ్ళో ఇది తెలిసిన మనుషులం ముగ్గురం. ఒక గంట తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది.

జనవరి 1

రాత్రి ఆరాధనకు అందరూ సీసాలు తెచ్చుకున్నారు. నేను తీసుకుపోలేదు. గంగమ్మ చోటులో వేరే ఎవరో కూర్చున్నారు.

జనవరి 3, శుక్రవారం

ఐదున్నరకే కట్ట మీద ఉన్నాను. ముందే కార్బురేటర్ విప్పి, కడిగి, కప్పు పొడిగా తుడిచి బిగించాను. నూనె వేయలేదు.

ఆరింటికి బండ్లు వచ్చాయి. ఆ రోజు ఉన్నవాళ్ళలో దాదాపు అందరూ ఉన్నారు. దుర్గాబాయి తట్ట దించి కూర్చుంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. ఓదెలు లేడు. రాడనుకున్నాను. రాకపోతే చెప్పనా? చెప్పాలి. వీరభద్రం దూరం నుంచే చేయి ఊపాడు, వద్దు వద్దు అన్నట్టు. ఆ చేయి చూశాకే నాకు ధైర్యం వచ్చింది. కోపం వస్తే తప్ప నాకు ధైర్యం రాదు.

"అందరు జెర ఇనుండ్రి" అన్నాను. ఎవరూ వినలేదు. పడవ మీద పానాతో గట్టిగా కొట్టాను. విన్నారు.

జండూ డబ్బా తీశాను. మిగిలిన జిడ్డును చెంచాలో వేసి, ఒకతన్ని లైటరు అడిగి కింద వెలిగించాను. కరిగింది. చెంచా పట్టుకుపోయి దుర్గాబాయి ముక్కు దగ్గర పెట్టాను.

"ఏం వాసన?"

ఆమె చూసింది. "కొబ్బరి నూనె" అంది.

"పామాయిలు కాదు. కొబ్బరి నూనె. నా ఇంటిది. ప్రతిసారి నేనే మోటర్ల పోసిన, పొయ్యంగ పొయ్యంగ అది గడ్డ గట్టింది. ఓదెలు ఏం కలుపలే, ఏం అమ్ముకోలే. తప్పు నేను జేసి, దొంగ అని ఆయన్ని అన్న."

ఎవరో నవ్వారు. ఎవరో "ముప్పై ఏండ్ల మిస్త్రీ!" అన్నారు. అననీ. దుర్గాబాయి లేచి నిలబడింది.

"నా మొగడు దొంగనా, కాదా?"

"కాదు."

"ఆ బండ్లోళ్ళకు ఇనవడలే. పెద్దగ జెప్పు."

"కాదు!" అని అరిచాను. చెరువు అవతలి దాకా పోయింది. నా జీవితంలో ఎన్నోసార్లు అరిచాను. ఇదొక్కటే అరవాల్సిన అరుపు.

అప్పుడు చూశాను. టార్పాలిన్ కప్పిన చివరి బండి వెనక ఓదెలు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. పడవ అంచు మీద ఉన్న తాడు తీసి, వీరభద్రం ముందు నుంచే నడిచి, ఓదెలు చేతిలో పెట్టాను. ధర్మేందర్ తనంతట తాను పడవ దిగాడు. వీరభద్రం చుట్టూ ఉన్న ఇరవై ముఖాలు చూసి పక్కకు జరిగాడు. నేను వెళ్ళి ముందు చెక్క మీద కూర్చున్నాను.

ఓదెలు తాడు చుట్టాడు. లాగాడు. అందుకుంది. నీళ్ళ మీద మంచు అలాగే ఉంది, ఎండ ఇంకా రాలేదు. గేరు వేశాడు.

కదిలింది. పది గజాలు, ఇరవై గజాలు. యాభై గజాలు పోయి తిప్పుకొని ఒడ్డుకు వచ్చాడు. ఒక్కసారి దగ్గలేదు మోటారు. ఒడ్డు తగలగానే మోటారు ఆగిపోయింది.

నా గుండె ఆగింది. "ఏమైంది? మల్ల ఏమైంది?" అని అరిచాను.

"నేనే ఆపిన" అన్నాడు ఓదెలు. "పైన సుక్క యెయ్యలే గద దాసన్నా. వదిన అద్దినట్టు."

సీసా నా జేబులోనే ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు, వేసే ధైర్యం లేదు. తీసి చూస్తే అడుగున ఉన్న అంగుళమూ తెల్లగా గడ్డ కట్టి ఉంది. వంచితే కదలదు. మూతి సన్నం, వేలు పోదు. సిగ్గుతో జేబులో పెట్టబోయాను. ఓదెలు చేయి చాచి తీసుకున్నాడు. రెండు అరచేతుల మధ్య పెట్టి మూశాడు. పైపులు ఎత్తి బొబ్బలు కట్టిన చేతులు.

కట్ట మీద నుంచి వీరభద్రం అరిచాడు. "ఓరి! బండ్లు నిలవడ్డయి! వలలెప్పుడు ఎత్తుతరు? ఏం జేస్తాండ్రు ఆడ?"

"నూనె కరుగుతాంది సారూ" అన్నాడు ఓదెలు.

వీరభద్రం ఇంకా అరుస్తూనే ఉన్నాడు. అరవనీ. దుర్గాబాయి కూడా వచ్చి పడవ పక్కన నిలబడింది. కరిగే దాకా ముగ్గురమూ కాచుకొని ఉన్నాం. కరిగాక ఒక్క చుక్క, మోటారు మూత మీద, బయట. గంగమ్మ మాట ఈసారి పెదవుల్లో అనుకోలేదు, అందరికీ వినబడేలా అన్నాను. ఈ మిషను మీద బతికేటోళ్ళ కూడు పోనియ్యకు ప్రభువా.